సూర్యుడికి అడ్డొచ్చిన పేర్లు

పుల్లేటిలంక చర్చిలో ఫ్యాన్లకి కొదవ లేదు, గాలికే కొదవ. కరెంటు లేనప్పుడు సరే, ఉన్నప్పుడు కూడా అంతే. ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎర్రరంగుతో ఎవరో ఒకరి పేరు ఉంటుంది. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, తిరక్కపోతే గాలి రాదు. ఈ చిక్కు మీద సంఘపెద్దలు మీటింగు మీద మీటింగు పెట్టి, ఆరాధన మొదట్లో ఫ్యాన్లు ఆపి ఉంచాలనీ, జనం పేర్లు చదువుకున్నాక ప్రసంగం దగ్గర వెయ్యాలనీ తీర్మానించారు. ప్రసంగం వేళకి మామూలుగా కరెంటు పోతుంది.

ట్యూబులైట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ప్రభువునందు నిద్రించిన" అని ఈ కొసన మొదలుపెట్టి, కుమారులు, కోడళ్లు, మనవలు, మునిమనవలు అంటూ ఆ కొస దాకా లాక్కుపోతే, వెలుతురు అక్షరాల సందుల్లోంచి దొంగలా బయటికి రావలసి వచ్చేది. గోడగడియారం అద్దం మీద దాతగారి పేరు ఎంత దిట్టంగా రాశారంటే, తొమ్మిది దాటాక మళ్లీ మూడయ్యేవరకూ ముళ్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పాస్టరు వెస్లీ అయ్యగారు ఏటా చెబుతూనే ఉంటారు. పుల్లేటిలంకలో ఎడమచేతికే కాదు, భీమడోలు బస్టాండుకి కూడా తెలుస్తుంది.

విజయకుమారి టీచరుగారికి ఈ పేర్లతో పేచీ ఏమీ లేదు. ఆవిడకి కావలసింది వెలుతురు.

చర్చి పక్క గదిలో సాయంత్రం పూట ఆడపిల్లలకి పదో తరగతి ట్యూషను చెప్పడం ఆవిడ భర్త ఇమ్మానుయేలు మాస్టారు మొదలుపెట్టిన పని. ఆ ఊళ్లో ఆడపిల్ల పదో తరగతి తప్పితే దాని దారి ఒక్కటే. తెల్లారగట్ల వ్యానెక్కి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోవడం, ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్లు చివికి సాయంత్రానికి తిరిగి రావడం. మాస్టారు పోయాక ఆ గది తాళం టీచరుగారి చేతికొచ్చింది. రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులు, అయినా ఒక్క సాయంత్రం మానలేదు. మానిందల్లా కరెంటే. కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు పేల్చేసిన తర్వాత రెండేళ్లకి సాయంత్రపు కోత మరీ ముదిరింది. సరిగ్గా పిల్లలు పుస్తకాలు తెరిచే వేళకి పోయి, మూసే వేళకి వచ్చేది. కొవ్వొత్తి వెలుగులో మెర్సీ అనే పిల్ల ముంగురులు కాల్చుకున్న రోజున టీచరుగారు సంఘం మీటింగులో లేచి, చర్చి కప్పు మీద సోలారు పలకలు పెట్టిద్దామన్నారు. మొదటి పలక తన ఆయన జ్ఞాపకార్థం తనే ఇస్తానన్నారు.

"జ్ఞాపకార్థం" అన్న మాట చెవిన పడగానే సంఘం నిద్రలేచింది.

అందరికన్నా ముందు లేచినవారు సంఘ కార్యదర్శి ఆనంద్ పాల్ గారు. కొల్లేట్లో ఆయన చెరువులు పోయినా కలిదిండి వైపు ఉన్నవి ఉన్నాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్లేది ఆయనే, వెళ్లినట్టు ఊరందరికీ చెప్పేదీ ఆయనే. రెండో పలక తన తండ్రి జకరయ్యగారి పేర ఇస్తానన్నారు. చేపల వ్యాపారం చేసే సువార్తమ్మ మూడోది తన తల్లి హన్నమ్మ పేర అంది. నాలుగోది యౌవనస్తుల సంఘం వాళ్లు ఎత్తుకున్నారు.

డిసెంబరులో తాడేపల్లిగూడెం నుంచి సోలారు షాపాయన సామాను వేసుకొచ్చి బిగించాడు. నీలంగా నిగనిగలాడుతున్న నాలుగు పలకలు, కింద బ్యాటరీలు, గదిలో తెల్లటి చిన్న లైట్లు. అంతా అయ్యాక నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఏవండీ, ఇందులో తిరిగేదీ అరిగేదీ ఏమీ ఉండదండి. ఎండ ఈ బిళ్లల మీద పడితే కరెంటు పుడుతుంది, పగలంతా బ్యాటరీలో చేరుతుంది, సాయంత్రం వాడుకుంటారు. ఇళ్లకైనా, షాపులకైనా, చర్చికైనా ఇదే లెక్క. ఒక్కటే జాగర్తండి. అద్దం మీద ఆకు కూడా పడనివ్వకండి. కొంగలు రెట్టలేస్తే వెంటనే కడిగించెయ్యండి."

అందరూ "అలాగేనండి" అన్నారు. పుల్లేటిలంకలో "అలాగేనండి" అంటే విన్నామని అర్థం. చేస్తామని ఎవరూ మాటివ్వలేదు.

షాపాయన జీపు గట్టు మలుపు తిరిగిందో లేదో, భీమడోలు నుంచి పెయింటరు సత్తిబాబు దిగాడు. పడవల మీద, లారీల మీద, ఫ్యాన్ల మీద పేర్లు రాసి రాసి చెయ్యి తిరిగినవాడు. పలకలు చూసి మురిసిపోయాడు.

"ఆయ్, ఇంత నున్నటి అద్దం మీద నేనెప్పుడూ రాయలేదండి. పసుప్పచ్చ ఎనామిలు వేసి, ఎర్ర అంచు కట్టి, వెనకాల నీడ కూడా ఇస్తానండి. నీలం మీద పసుపు, చూస్కోండి, గట్టు మీద బస్సులోంచి కూడా చదువుకోవచ్చు."

"ఆకు పడకూడదన్నారు కదండీ ఆయన" అన్నారు పాస్టరుగారు సందేహంగా.

"ఆకు పడకూడదన్నారండి. పేరు రాయకూడదని అనలేదు కదండీ" అన్నారు ఆనంద్ పాల్ గారు. పాస్టరుగారికి ఆ తర్కంలో లోపం కనబడింది గానీ, జీతం ఇచ్చే సంఘంలో కార్యదర్శిగారి తర్కంలో లోపం వెతకడం మంచిది కాదని కూడా కనబడింది.

రాత అయ్యాక విజయకుమారిగారు నిచ్చెనెక్కి చూశారు. మోకాళ్లు కలుక్కుమంటున్నా పట్టుపట్టి ఎక్కారు. పలక ఈ అంచు నుంచి ఆ అంచుకి, "ప్రభువునందు నిద్రించిన ఇమ్మానుయేలు మాస్టారి జ్ఞాపకార్థం, భార్య విజయకుమారి" అని బంగారు రంగులో మెరిసిపోతోంది. అటూ ఇటూ రెండు పావురాలు కూడా.

ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పిన మనిషి ఆవిడ. ఎండ తగలవలసిన చోట ఎనామిలు పూస్తే ఏమవుతుందో ఆవిడకి తెలియక కాదు. షాపాయన చెప్పకముందే తెలుసు. అయినా చెరిపించలేదు. దానికో కారణం ఉంది. పుల్లేటిలంక సమాధుల తోట పల్లంలో ఉంటుంది. వానాకాలం వస్తే కొల్లేరు పొంగి తోటంతా నీటి కింద పోతుంది. మాస్టారి సమాధి మీద సిమెంటు సిలువ ఏటా నెలల తరబడి మునిగే ఉంటుంది. దాని మీద పేరు రెండో ఏడుకే కొట్టుకుపోయింది. మళ్లీ రాయిస్తే మళ్లీ పోయింది. ఇదిగో, ఈ కప్పు మీదికి ఏ వరదా రాదు. ఇన్నాళ్లకి ఆయన పేరు నీళ్లకి అందనంత ఎత్తున ఉంది. ఆవిడ కొంగుతో ఆ అక్షరాల మీద దుమ్ము తుడిచి దిగివచ్చారు.

ప్రతిష్ఠ రోజున లైట్లు దేదీప్యమానంగా వెలిగాయి. వెలగవా మరి, బ్యాటరీలు షాపులోంచే నిండుగా వచ్చాయి. ఆనంద్ పాల్ గారు మైకులో, తన తండ్రి ఊరికి వెలుగు తెచ్చాడని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే.

వారం తిరక్కుండా లైట్లు నీరసించాయి. క్రిస్మసు దాటేసరికి, వేసిన కాసేపటికే బ్యాటరీ పెట్టె మీద ఎర్రబల్బు మినుకుమని లైట్లు ఆరిపోవడం మొదలైంది. ఊళ్లో తలో కారణం చెప్పారు. కొల్లేటి పొగమంచు అన్నారు ఆనంద్ పాల్ గారు. సువార్తమ్మ మనసులో దిష్టి అనుకుంది గానీ, చర్చి కాబట్టి పైకి "సాతాను శోధన" అంది. పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. కొంగల్ని తోలడానికి ఒక మనిషిని పెట్టారు, పేర్ల మీద రెట్టలు పడుతున్నాయని.

జనవరి చివర్లో టీచరుగారు మీటింగులో లేచి అసలు సంగతి చెప్పారు. గొంతు పెంచలేదు, పిల్లలకి చెప్పినట్టే చెప్పారు.

"ప్లేటులో బిళ్లలన్నీ ఒకదానికొకటి తగిలించి ఉంటాయండి. మనం చెరువు నుంచి గట్టు దాకా వరసగా నిలబడి బిందెలు అందించుకుంటాం చూడండి, అలాగ. మధ్యలో నలుగురు చేతులు కట్టుకుని నిలబడితే మిగతావాళ్లు ఎంత కష్టపడినా నీళ్లు గట్టుకి చేరవు కదండీ. మన పేర్లు పడిన చోట బిళ్లలు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. పేర్లు తీసేస్తే లైట్లు వెలుగుతాయి."

"అవునండీ" అన్నారు ఆనంద్ పాల్ గారు. "నిజమేనండీ" అన్నారు మిగతావారు. ఒక్కరూ కాదనలేదు. కాదంటే పోట్లాడవచ్చు, అవునంటే ఏం చేస్తాం?

"మరి ఎవరి పేరు ముందు తీద్దామండీ?" అని పాస్టరుగారు అడిగేసరికి గది గదంతా చల్లబడింది. చనిపోయిన తేదీ ప్రకారం తీద్దామని ఒకరు, వయసు ప్రకారమని ఒకరు. అక్షరాలు సన్నం చేయిస్తే సరిపోతుందేమోనని మరొకరు. సువార్తమ్మకి ఏడుపొచ్చింది. "మా అమ్మని ఒకసారి మట్టిలో పెట్టానండి. రెండోసారి చెరిపెయ్యమంటారా?" అంది. ఇంకో రెండు పలకలు కొందామని యౌవనస్తులు అన్నారు, దాతలు సిద్ధంగా ఉన్నారట, పేర్లు రాస్తే. చివరికి ఆనంద్ పాల్ గారు తేల్చారు.

"ఈస్టరు వెళ్లాక నిదానంగా చూద్దామండీ."

"పరీక్షలు ఈస్టరుకి ముందేనండీ" అన్నారు టీచరుగారు.

"అలాగేనండి" అన్నారాయన.

తన భర్త పేరు కూడా ఆ వరసలో ఉంది కాబట్టి ఆవిడ అంతకుమించి గట్టిగా అడగలేకపోయారు. అది ఆవిడకీ తెలుసు, మీటింగుకీ తెలుసు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మెర్సీ తండ్రి గది గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరుగారండీ, ఏమీ అనుకోకండి. ఈ కొవ్వొత్తుల దగ్గర దీని కళ్లు పోయేలా ఉన్నాయి. ఎలాగూ చదువు సాగట్లేదు. సోమవారం నుంచి షెడ్డుకి పంపేద్దామనుకుంటున్నానండి."

మెర్సీ తల ఎత్తలేదు. పుస్తకం మీద వేలు మాత్రం చదువుతున్న చోటే ఆనించి ఉంచింది.

"సోమవారం దాకా ఆగు నాయనా" అన్నారు టీచరుగారు.

మర్నాడు ఎండెక్కాక ఆవిడ ఒక పాత బ్లేడు, కిరసనాయిలు సీసా, గుడ్డపేలికలు సంచిలో వేసుకుని చర్చికి వెళ్లి నిచ్చెన వేయించుకున్నారు. కొంగలు తోలే మనిషి కింద పట్టుకున్నాడు. పైకెక్కి పలక ముందు చతికిలబడ్డారు. ఎండకి అద్దం కాలుతోంది.

ముందు పావురాల్ని గోకేశారు. వాటితో చుట్టరికం లేదు కాబట్టి తేలిగ్గానే పోయాయి. తర్వాత "భార్య విజయకుమారి". తన పేరు తాను చెరుపుకోవడం పెద్ద కష్టంగా ఏమీ అనిపించలేదు, నవ్వు కూడా వచ్చింది. "జ్ఞాపకార్థం" కాస్త మొరాయించింది. ఆ తర్వాత ఇంక ఆయన పేరొక్కటే మిగిలింది. బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కింద దూరంగా సమాధుల తోట కనబడుతోంది, పోయిన వానలకి పట్టిన నాచు ఇంకా ఎండని సిమెంటు సిలువలతో.

"ఏవండీ" అని పిలిచారావిడ, పెళ్లయిన నాటి నుంచి పిలిచినట్టే. "మీ పిల్లల కోసమేనండీ. ఏమీ అనుకోకండి."

గోకుతున్నంతసేపూ ఏడ్చారు. ఏడుస్తూనే గోకారు. మాస్టారు అన్న అక్షరాలు ఆఖరున పోయాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగేసరికి పలక మళ్లీ నీలంగా, ఎవరిదీ కానట్టుగా, ఆకాశం వైపు చూస్తూ మిగిలింది.

ఆ సాయంత్రం గదిలో లైట్లు ఒక పాఠం పూర్తయ్యేవరకూ వెలిగాయి. మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు.

దీంతో సంఘంలో గగ్గోలు పుట్టింది. లైట్లు వెలిగినందుకు కాదు, అనుమతి లేకుండా పేరు చెరిపినందుకు. ఆదివారం ఆరాధన అవగానే ఆనంద్ పాల్ గారు అత్యవసర మీటింగు పెట్టారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చెరిపేసుకుంటే క్రమశిక్షణ ఏం కావాలన్నారు. ఇకమీదట పేరు చెరుపుకోదలచినవారు మీటింగులో లేచి తమ సమ్మతి చెప్పాలనీ, సంఘం దానిని ఆమోదించాలనీ తీర్మానం చేశారు. సువార్తమ్మ ఆ క్షణమే లేచింది. "నాకు సమ్మతమేనండి. టీచరుగారు మాస్టారి పేరే తీసేసుకోగా లేంది, మా అమ్మదేమన్నా రాజుగారి పేరా?" అంది. సాయంత్రానికల్లా తనే నిచ్చెనెక్కి, తల్లిని తలుచుకుని ఏడుస్తూ, సత్తిబాబు ఎనామిలు నాణ్యాన్ని తిడుతూ, గిన్నెలు తోమే పీచుతో గోకడం మొదలుపెడితే, చూసినవాళ్లు అద్దానికి గీతలు పడతాయని పీచు లాక్కుని బ్లేడిచ్చారు. యౌవనస్తులు కూడా ఒప్పుకున్నారు.

మెర్సీ తండ్రి సోమవారం కూతుర్ని షెడ్డు వ్యాను ఎక్కించలేదు. మెర్సీ ఎప్పటిలాగే సాయంత్రం వచ్చి తన చోట కూర్చుంది.

ఇంక మిగిలింది జకరయ్యగారి పలక. ఆనంద్ పాల్ గారు చాలా రోజులు బిగుసుక్కూర్చున్నారు. నీలంగా మెరిసే మూడు పలకల పక్కన పసుప్పచ్చగా అదొక్కటే. బస్సులో పోయేవాళ్లకి అది పేరుగా కనబడటం మానేసింది. "ఏవండీ, ఆ ఒక్క ప్లేటూ తుప్పు పట్టిందాండీ?" అని ఎవరో అత్తిలి పెళ్లివారు అడిగారట. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. పేరు చెరపడానికి ఒప్పుకుంటానన్నారు, కానీ త్యాగం చేసినవారిని సంఘం మరచిపోకూడదన్నారు. అందుకు గుర్తుగా చర్చి గుమ్మం పక్కన ఏలూరు నుంచి తెప్పించిన నల్లరాతి బండ నిలబెట్టాలన్నారు. సంఘం "అలాగేనండి" అంది. రాతి విషయంలో మాత్రం చేసింది కూడా.

బండ ఆవిష్కరణ పదో తరగతి పరీక్షలకి ముందు రోజు సాయంత్రం పెట్టారు. ఏలూరు నుంచి వచ్చిన అతిథిగారు తెర లాగారు. నిలువెత్తు రాయి మీద బంగారు అక్షరాలు. "వెలుగు కొరకు తమవారి పేర్లు చెరుపుకొనిన త్యాగధనులు" అని పైన. దాని కింద, అందరికన్నా చివర చెరిపిన ఆనంద్ పాల్ గారు, జకరయ్యగారి కుమారుడిగా, మొట్టమొదట. తర్వాత సువార్తమ్మ, యౌవనస్తులు. అంతే.

టీచరుగారు పై నుంచి కింద దాకా చదివారు. మళ్లీ చదివారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

"టీచరుగారండీ, మీరు అపార్థం చేసుకోకూడదు" అన్నారు ఆనంద్ పాల్ గారు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి. "మీరు తీర్మానానికి ముందే చెరిపేశారు కదండీ. మీటింగులో సమ్మతి చెప్పలేదు. తీర్మానం ప్రకారం వెళ్తే మీది త్యాగం కిందకి రాదండి. నాకైతే చాలా బాధగా ఉంది."

ఆవిడకి గుండెలో కలుక్కుమంది. లేదనడం అబద్ధం. ఆయన పేరు నీళ్లలో పోయింది, కప్పు మీద పోయింది, ఇప్పుడు రాతి మీద కూడా లేదు. "మంచిదండీ" అని మాత్రం అని, గదిలోకి వెళ్లిపోయారు. లోపల పిల్లలు పుస్తకాలు తెరుస్తున్నారు. మర్నాడు పొద్దున్నే తెలుగు పేపరు.

అంతలో కరెంటు పోయింది. గుమ్మం దగ్గరి విద్యుద్దీపాల తోరణం ఆరిపోయింది, మైకు మూగబోయింది, బండా దాని మీది బంగారు అక్షరాలూ చీకట్లో కలిసిపోయాయి. మైకులో పేర్లు చదువుతున్న అతిథిగారు సగంలో ఆపి నిలబడ్డారు. టీచరుగారు స్విచ్చు నొక్కారు. గదంతా తెల్లగా వెలిగింది.

గుమ్మంలో ఆనంద్ పాల్ గారు ప్రత్యక్షమయ్యారు. చెమటలు తుడుచుకుంటున్నారు.

"టీచరుగారండీ, అతిథిగారు నిలబడిపోయారండి. ఈ గది వైరు ఊడదీసి కాసేపు బండ దగ్గరికి లాగిస్తానండి. అసలు రోజూ సాయంత్రం బండ మీద ఒక లైటు ఉంటే బాగుంటుందండి. వచ్చేపోయేవాళ్లు చదువుకుంటారు."

మెర్సీ పుస్తకంలోంచి తలెత్తి టీచరుగారి వైపు చూసింది. మిగతా పిల్లలూ చూశారు. పుల్లేటిలంకలో ఎవరూ ఎవరికీ కుదరదని చెప్పరు. విజయకుమారిగారు కూడా అంతవరకూ ఎప్పుడూ చెప్పలేదు.

"కుదరదండీ" అన్నారావిడ, ఎప్పటి మెత్తని గొంతుతోనే. "పగలు వచ్చి చదువుకోమనండి, పాల్ గారూ. సూర్యుడి మీద ఇంకా ఎవరి పేరూ రాయలేదు."

ఆనంద్ పాల్ గారు అలవాటు కొద్దీ "అలాగేనండి" అన్నారు. ఈసారి మాత్రం అన్నట్టే చేసి, మెట్లు తడుముకుంటూ చీకట్లోకి దిగిపోయారు. మెర్సీ వేలు ఆనించి ఉంచిన చోటి నుంచి పద్యం మళ్లీ అందుకుంది.